మా ఆనందపురం గేదెలూ, ప్రపంచ పటంలో ఎర్ర మచ్చలూ

పశువుల వల్ల ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎంత మీథేన్ పుడుతోందో చూపించే రంగుల పటాలు ఈ మధ్య తెగ తిరుగుతున్నాయి. మా ఆఫీసు మెయిల్లో ఒకటొచ్చింది, వాట్సాప్‌లో రెండొచ్చాయి. నీలం అంటే తక్కువ, ఎరుపు అంటే ఎక్కువ. ఏ పటం తీసుకున్నా బ్రెజిల్లో కాస్త ఎరుపు, ఇథియోపియాలో కాస్త ఎరుపు కనిపిస్తుంది. మనదేశం దగ్గరికొచ్చేసరికి గంగా మైదానం మొత్తం కుంకుమ ఒలకబోసినట్టుంటుంది. కిందికి దిగితే మన కోస్తా కూడా పెద్ద తక్కువేం తినలేదు.

దాని మీద మా వాళ్ళ వ్యాఖ్యానాలు రెండు రకాలు. ఒక వర్గం: "చూశారా, మన ఆవులూ గేదెలే భూమిని కాల్చేస్తున్నాయి, అందరం పాలు మానేసి బాదం పాలు తాగాలి." రెండో వర్గం: "ఇదంతా తెల్లోళ్ళ కుట్ర, వాళ్ళ కార్లూ విమానాలూ వదిలేసి మన గేదె మీద పడ్డారు." రెండు వర్గాల్లోనూ ఇంజనీర్లే ఉన్నారు, అదీ నా బాధ. రోజూ ఎవరో ఇచ్చిన డాష్‌బోర్డ్ చూసి "ఈ నంబరు ఏ టేబుల్లోంచి వచ్చింది, ఏ క్వెరీ రాశారు" అని ప్రాణం తీసే మనం, ఈ పటం విషయంలో ఆ ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయాం.

కాబట్టి ఈ టపాలో ఆ ప్రశ్నే అడుగుతాను. ఆ ఎరుపు ఎక్కణ్ణించి వచ్చింది?

ముందు అసలు విషయం. ఆవు, గేదె, గొర్రె, మేక... ఇవన్నీ నెమరువేసే జంతువులు. మనకి అరగని గడ్డిని అవి అరిగించుకుంటాయంటే అది వాటి గొప్ప కాదు, వాటి మొదటి కడుపులో కాపురముండే సూక్ష్మజీవుల గొప్ప. ఆ గడ్డి పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, దాన్ని కొన్ని జీవులు మీథేన్‌గా మార్చేస్తాయి. పశువు దాన్ని బయటికి వదుల్తుంది. చాలామంది అనుకునేట్టు వెనకనుంచి కాదండీ, నూటికి తొంభై పాళ్ళు పైన నోట్లోంచే, తేన్పుల రూపంలో :) పేడలోంచి వచ్చేది కొంత ఉంటుంది కానీ, ఎండబెట్టి పిడకలు చేసే మన పద్ధతిలో అది తక్కువే.

మాది విశాఖ పక్కన ఆనందపురం. మా పిన్నికి రెండు గేదెలున్నాయి. ఓసారి ఫోన్లో ఈ సంగతి చెప్తే, "ఏటిరా బాబూ, గేదె తేన్పు కూడా లెక్కెడతన్నారేటి? ఎవుడు లెక్కెట్టాడు, ఎప్పుడొచ్చి లెక్కెట్టాడు?" అంది. నవ్వేసి ఊరుకున్నాను కానీ, ఆలోచిస్తే నేను చదివిన పత్రాలన్నిటికంటే అదే సూటి ప్రశ్న. ఎవరూ రాలేదు. మా పిన్ని గేదె తేన్పుని ఎవ్వరూ కొలవలేదు. అయినా పటంలో దానికో రంగుంది.

ఆ రంగు ఎలా పుడుతుందో చెప్తాను. మొత్తం పైప్‌లైన్‌లో మూడే మెట్లు.

మొదటి మెట్టు పశువుల సంఖ్య. మనదేశంలో 1919 నుంచీ పశుగణన జరుగుతోంది. 2019లో వచ్చిన ఇరవయ్యో గణన ప్రకారం దేశంలో ఆవులూ ఎద్దులూ కలిపి 19 కోట్ల పైన, గేదెలు దాదాపు 11 కోట్లు. ఆంధ్రప్రదేశ్ వరకూ చూస్తే ఆవుల కంటే గేదెలే ఎక్కువ, సుమారు 62 లక్షలు. ఇరవై ఒకటో గణన 2024 అక్టోబరులో మొబైల్ యాప్ మీద మొదలైంది.

రెండో మెట్టు ఆ సంఖ్యని నేల మీద పరచడం. జిల్లాకి ఇన్ని గేదెలని తెలుస్తుంది కానీ, జిల్లాలో ఏ మూల ఎన్నో తెలియదు. అందుకని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) వాళ్ళూ వాళ్ళతో పనిచేసే శాస్త్రవేత్తలూ కలిసి ప్రపంచం మొత్తాన్ని గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో వాన ఎంత, పచ్చదనం ఎంత, జనం ఎంత, పట్నం ఎంత దూరం అని చూసి, జిల్లా మొత్తాన్ని ఆ గళ్ళల్లోకి పంచారు. మొదటి పటం 2007లో వచ్చింది. 2018 నాటి మూడో విడతలో దీనికి వాడింది మనందరికీ తెలిసిన ర్యాండమ్ ఫారెస్ట్. అంటే ఆనందపురం గడిలో కనిపించే గేదెలు ఎవరో చూసి లెక్కపెట్టినవి కావు, మోడల్ ఊహించినవి. తప్పని అనడం లేదు. ఊహ అని గుర్తుంటే చాలు.

మూడో మెట్టు గుణకారం. ఒక్కో పశువు ఏడాదికి ఇన్ని కిలోల మీథేన్ వదుల్తుందని ఒక అంకె పెట్టుకుని, సంఖ్యతో గుణించెయ్యడమే. అసలు కథంతా ఈ అంకెలోనే ఉంది.

ఐపీసీసీ మార్గదర్శకాల్లో ప్రాంతాల వారీగా డిఫాల్ట్ అంకెలుంటాయి. భారత ఉపఖండం పాడి ఆవుకి 1996లో వాళ్ళిచ్చిన అంకె ఏడాదికి 46 కిలోలు. 2006లో అది 58 అయింది. 2019 సవరణలో 73 అయింది. పాల దిగుబడి, పశువు బరువు, మేత గురించిన అంచనాలు మార్చారు కాబట్టి అంకె మారింది, కారణం లేకుండా ఏమీ కాదు. ఇప్పుడు మన దేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన తొలి నివేదిక (2004) కోసం మనవాళ్ళు లెక్కగట్టిన అంకెలు చూడండి: దేశవాళీ పాడి ఆవుకి 28, సంకరజాతి ఆవుకి 43, పాడి గేదెకి 50. ఆ గేదె 50 పక్కన అటూ ఇటూ 17 అని కూడా రాశారు. అంటే 33 కావచ్చు, 67 కావచ్చు.

ఒక బక్క దేశవాళీ ఆవుని తీసుకోండి. ఒక అంకెతో 28, ఇంకో అంకెతో 73. ఆవు అదే, గడ్డి అదే, తేన్పు అదే. పటంలో మాత్రం ఒకచోట పసుపు, ఇంకోచోట ముదురెరుపు. కోడ్‌లో ఒక కాన్‌స్టంట్ మారిస్తే ఒక దేశం రంగు మారిపోతుంది. మనం పనిచేసే చోట ఇలాంటి కాన్‌స్టంట్‌ని ఎవరైనా కామెంట్ కూడా లేకుండా హార్డ్‌కోడ్ చేస్తే కోడ్ రివ్యూలో ఊరుకుంటామా?

"ఉపగ్రహాలున్నాయిగా, పైనుంచి చూసి చెప్పెయ్యొచ్చుగా" అంటారు మీరు. ఉన్నాయి. 2009 జనవరిలో జపాన్ పంపిన గోశాట్ ఉంది (పేరు చూసి గోశాల అనుకోకండి :)). 2017 అక్టోబరులో యూరప్ పంపిన సెంటినెల్-5పీ మీద ట్రోపోమీ అనే పరికరం రోజూ భూమంతా చూస్తోంది. కానీ దాని ఒక్కో పిక్సెల్ ఐదున్నర కిలోమీటర్ల పొడవు, ఏడు కిలోమీటర్ల వెడల్పు. మా వైపు అలాంటి ఒక్క పిక్సెల్‌లో ఏమేం పడతాయో చూడండి: గేదెల సాలలు, వరిమడులు, చెరువులు, జాతీయ రహదారి. కొంచెం పక్కకి జరిగితే విశాఖ నగరం చెత్తంతా వచ్చి పడే కాపులుప్పాడ. వీటిల్లో చాలావాటినుంచి మీథేన్ వస్తుంది. పైనుంచి చూసేవాడికి గాలిలో ఎంత ఉందో తెలుస్తుంది కానీ, ఇది గేదెది, ఇది వరిమడిది, ఇది చెత్తది అని చీటీ అతికించి ఉండదు. కార్బన్ ఐసోటోపులు చూస్తే బొగ్గు, గ్యాస్ బావుల మీథేన్‌ని సూక్ష్మజీవుల మీథేన్ నుంచి విడదీయొచ్చు. గేదెనీ వరినీ విడదీయడం మాత్రం చాలా కష్టం, ఎందుకంటే రెండుచోట్లా పనిచేసేవి ఒకే జాతి జీవులు. దానికి తోడు మనకి వానాకాలం నెలల తరబడి మబ్బులు. మబ్బు కింద ఏముందో ఈ పరికరాలకి కనపడదు.

కానీ ఉపగ్రహాలు ఒక పని బాగా చేస్తాయి. మొత్తం సరిపోయిందా లేదా అని చూడ్డం. ఇంగ్లండ్ బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన అనితా గణేశన్, ఆవిడ సహచరులు 2017లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక పత్రం వేశారు. గోశాట్ కొలతలూ, నేల మీదా విమానాల్లోనూ తీసిన కొలతలూ కలిపి 2010 నుంచి 2015 దాకా మన దేశం మీథేన్ లెక్క తేల్చారు. ఏడాదికి సుమారు 2.2 కోట్ల టన్నులు (ఇది పశువులొక్కటే కాదు, అన్నీ కలిపి). మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి చెప్పుకున్న లెక్కతో అది సరిపోయింది, ఆ ఆరేళ్ళలో చెప్పుకోదగ్గ పెరుగుదల కూడా లేదు. కొన్ని అంతర్జాతీయ జాబితాలు అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తున్నాయని కూడా తేలింది. అంటే మనవాళ్ళు మన పశువుల్ని చూసి కట్టిన లెక్కే గాలికి దగ్గరగా ఉంది.

ఇది మొదటిసారి కూడా కాదు. 1990 ప్రాంతంలో మన వరిపొలాల నుంచి ఏడాదికి 3.7 కోట్ల టన్నులకు పైగా మీథేన్ వస్తోందని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా వేసింది. ఎక్కడో కొలిచిన అంకెని తెచ్చి మన ఎకరాలతో గుణించేశారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యంలో, ఏ.పీ. మిత్రా నాయకత్వంలో మన శాస్త్రవేత్తలు 1991లో దేశమంతా తిరిగి పొలాల్లో పెట్టెలు బోర్లించి గాలి పట్టి కొలిచారు. వచ్చిన జవాబు సుమారు 40 లక్షల టన్నులు. తొమ్మిదో వంతు! వాళ్ళు కుట్ర కుట్ర అని అరిచి ఊరుకుని ఉంటే ఈ రోజుకీ ఆ పాత అంకే పాఠ్యపుస్తకాల్లో ఉండేది. వెళ్ళి కొలిచారు కాబట్టి పోయింది. మా ఆఫీసు రెండో వర్గం వాళ్ళకి నేను చెప్పదల్చుకున్నది ఇదే.

పశువుల పటం కూడా మనవాళ్ళు గీశారు. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం శాస్త్రవేత్తలు 2003 గణనని, పైన చెప్పిన మన సొంత అంకెల్ని తీసుకుని జిల్లా జిల్లాకీ లెక్కగట్టి 2009లో కరెంట్ సైన్స్‌లో అచ్చేశారు. మొత్తం ఏడాదికి 1.175 కోట్ల టన్నులు, అందులో తొంభై శాతం పైన తేన్పులే. రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్ మొదటిది. పాడి గేదెలూ, దేశవాళీ పాడి ఆవులూ కలిసి మొత్తంలో అరవై శాతం. చాలా మంచి పని. కానీ అదైనా జిల్లా దగ్గరే ఆగిపోయింది. దాన్ని మండలం దాకా, ఊరి దాకా తేవలసిన పని అలాగే ఉంది.

ఇక మొదటి వర్గం దగ్గరికొద్దాం. వాళ్ళు చెప్పేదాంట్లో నిజం లేదనను. లెక్క వేద్దాం.

గేదెకి ఏడాదికి 55 కిలోలని ఐపీసీసీ 2006 డిఫాల్ట్ తీసుకుందాం. అంటే రోజుకి 150 గ్రాములు. వందేళ్ళ లెక్కలో కిలో పశువుల మీథేన్ అంటే 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కాబట్టి ఒక గేదె ఏడాదికి టన్నున్నర. రాష్ట్రంలో 62 లక్షల గేదెలకి 90 లక్షల టన్నుల పైచిలుకు. పోలికకి, పరవాడలో ఎన్టీపీసీ వాళ్ళ సింహాద్రి బొగ్గు కేంద్రం 2000 మెగావాట్లు. అది ముప్పావు సామర్థ్యంతో నడిచిందనుకున్నా ఏడాదికి కోటి టన్నులు దాటుతుంది. అంటే ఆంధ్రా గేదెలన్నీ కలిసి ఇంచుమించు ఒక సింహాద్రి. చిన్న సంగతేం కాదు. "మా గేదె అమాయకురాలు" అని చేతులు దులిపేసుకోడానికి లేదు.

కానీ రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. మన భాషలో చెప్తాను. బొగ్గు పొగ మెమరీ లీక్ లాంటిది. ఈ రోజు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద భాగం వందల ఏళ్ళు అలాగే ఉంటుంది, రేపు వదిలేది దాని మీద పేరుకుంటుంది. సర్వర్ ఎప్పటికో అప్పటికి పడుకోవలసిందే. మీథేన్ గడువున్న క్యాష్ లాంటిది. పన్నెండేళ్ళు అటూఇటూగా దాని ఆయుష్షు తీరిపోతుంది. మంద పెరగకుండా స్థిరంగా ఉంటే కొత్తగా వచ్చేదీ, పాతది పోయేదీ దగ్గరదగ్గర సమానం. అందుకే ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన మైల్స్ ఆలెన్, ఆయన బృందం 2018 ప్రాంతంలో మీథేన్‌ని వేరే పద్ధతిలో లెక్కపెట్టాలని వాదించారు: ఎంత ఉంది అని కాదు, ఎంత పెరిగింది అని.

మన లెక్క అలా చూస్తే 2012 గణనకీ 2019 గణనకీ మధ్య దేశంలో ఆవులూ గేదెలూ పెరిగింది ఒక శాతం అటూఇటూ. పాలు మాత్రం 2012-13లో 13.2 కోట్ల టన్నుల నుంచి 2018-19లో 18.8 కోట్ల టన్నులకి ఎక్కాయి. మంద దాదాపు అంతే, పాలు నలభై శాతం ఎక్కువ. ఈ మాట ఏ ఎర్ర పటంలోనూ కనిపించదు.

అలాగని ఆ కొత్త లెక్కని కళ్ళు మూసుకుని పట్టుకోకూడదు. ఇప్పటికే పెద్ద పెద్ద మందలున్న సంపన్న దేశాల మాంసం వ్యాపారులకి అది చాలా ఇష్టం. "మేం పెంచడం లేదుగా" అని తప్పించుకోవచ్చు కదా. పైగా మీథేన్ ఆయుష్షు తక్కువ కాబట్టే, తగ్గిస్తే ఫలితం కూడా తొందరగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి పుట్టిస్తుంది. గాలిలో దాని మోతాదు పారిశ్రామిక విప్లవానికి ముందున్నదానికి రెండున్నర రెట్లు దాటింది. మనుషుల వల్ల పుట్టే మీథేన్‌లో పశువుల వాటా మూడో వంతు దాకా ఉంటుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2021లో చెప్పింది. ఇవన్నీ నిజాలే.

ఇంకో చేదు నిజం. అమెరికా పాడి ఆవు ఏడాదికి 120 కిలోల పైనే వదుల్తుంది, మన గేదెకి రెట్టింపు. కానీ అది ఏడాదికి 11 వేల లీటర్ల దాకా పాలిస్తుంది. అంటే లీటరుకి పదకొండు గ్రాములు. మన గేదె పాలిచ్చే రోజుల్లో ఆరు లీటర్ల చొప్పున ఇస్తే ఏడాదికి 1800 లీటర్లు, లీటరుకి ముప్ఫై గ్రాములు. పశువు వారీగా మనం మంచివాళ్ళం, లీటరు వారీగా వాళ్ళు మంచివాళ్ళు, మనిషి వారీగా మళ్ళీ కథ మారుతుంది. ఏ హారంతో భాగించాలో ఎవరు నిర్ణయిస్తే వాళ్ళదే గెలుపు. ఇందులో ఇంకో కిరికిరి ఉంది. వాళ్ళ ఆవు తినేది ఎరువులేసి ట్రాక్టరుతో పండించిన మొక్కజొన్న, సోయా. మా పిన్ని గేదె తినేది కోత అయ్యాక మిగిలిన వరిగడ్డి, చిట్టు, ఇంటి కుడితి. ఆ గడ్డి గేదె తినకపోతే పొలంలోనే తగలబెట్టాలి. పాలతోపాటు పేడ వస్తుంది, అది పొలానికి వెళ్తుంది. లీటరుతో భాగించేవాడు ఇవేవీ లెక్కలోకి తీసుకోకపోతే అది సగం లెక్కే.

పటం ఇంకో విషయం కూడా దాస్తుంది. అది గ్యాస్ పుట్టిన చోటు చూపిస్తుంది కానీ ఎవరి కోసం పుట్టిందో చూపించదు. మా ఊరి పాలు మా ఊళ్ళో తాగేది తక్కువ. పొద్దున్నే క్యాన్లలో కేంద్రానికి వెళ్తాయి, అక్కడ వెన్న శాతం చూసి రేటు కడతారు, ఆ తర్వాత విశాఖలో ఎవరి కాఫీలోకో వెళ్తాయి. ఎర్ర చుక్క ఆనందపురంలో, కాఫీ ఎంవీపీ కాలనీలో.

ఆనందపురం అంటే ఇంతకు ముందు పూల మార్కెట్టుకీ, హైవే జంక్షన్‌కీ పేరు. ఇప్పుడు మా మండలంలోనే గంభీరంలో ఐఐఎం క్యాంపస్ ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని ప్రకటించింది, దానికి చూపించిన భూముల్లో మా మండలంలోని తర్లువాడ ఒకటి. గిగావాట్ స్థాయి అంటున్నారు. ఒక గిగావాట్ ఏడాది పొడవునా వాడితే 876 కోట్ల యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే 60 లక్షల టన్నులు, అంటే 40 లక్షల గేదెలు. సౌర, పవన విద్యుత్తుతో నడిపితే ఈ లెక్క బాగా తగ్గుతుంది, తగ్గాలని కోరుకుందాం. నేను డేటా కేంద్రానికి వ్యతిరేకిని కాను, నా అన్నం ముద్ద అక్కడే ఉంది. నేను చెప్పేదల్లా ఏమిటంటే, గ్రిడ్ కరెంటుతో నడిస్తే దాని పొగ తర్లువాడలో కనపడదు. ఎక్కడో బొగ్గు కేంద్రం గొట్టం దగ్గర కనపడుతుంది. కొనుక్కున్న కరెంటుకి పొగ ఇంకొకళ్ళ ఖాతాలో, పెంచుకున్న గేదెకి తేన్పు సొంత ఖాతాలో. రంగుల పటం మీద డేటా కేంద్రం తెల్లగా, పక్కనే గేదెల సాల ఎర్రగా ఉండే రోజు ఊహించుకోండి. అన్నట్టు, హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి వస్తే ఒక్కో మనిషి వాటా రెండు టన్నుల పైమాటే. ఒక్క ఆన్‌సైట్ ప్రయాణం ఒక గేదె ఏడాది తేన్పుల కంటే ఎక్కువ. పాలు మానెయ్యమని మెయిల్ పెట్టినాయన పోయినేడాది మూడుసార్లు వెళ్ళొచ్చాడు.

ఇదంతా మేధావుల కబుర్లు కాదు, దీని వెనక డబ్బుంది. 2021 నవంబరులో గ్లాస్గోలో వంద పైగా దేశాలు 2030 కల్లా మీథేన్‌ని 30 శాతం తగ్గిస్తామని ప్రతిజ్ఞ చేశాయి. మనదేశం సంతకం పెట్టలేదు. పశువులూ వరీ మన చిన్న రైతుల బతుకు, విలాసం కాదని మన ప్రభుత్వం వాదన. బతకడానికి వదిలే వాయువుకీ విలాసానికి వదిలే వాయువుకీ తేడా చూడాలని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే రాశారు. నేనూ ఆ పక్షమే. డెన్మార్క్ 2030 నుంచి పశువుల మీద కార్బన్ పన్ను వెయ్యాలని 2024లో నిర్ణయించింది. న్యూజిలాండ్ అలాంటి ఆలోచన చేసి, రైతులు తిరగబడితే వెనక్కి తగ్గింది. రేపు పాలపొడి ఎగుమతికో, కార్బన్ క్రెడిట్‌కో "మీ గేదె అంకె ఎంత" అని ఎవరో అడుగుతారు. అప్పుడు మన దగ్గర కొలిచిన అంకె లేకపోతే వాళ్ళ డిఫాల్టే మన తలరాత.

అందుకని నా అభిప్రాయం మూడు ముక్కల్లో:

ఒకటి, కొలవాలి. బెంగుళూరులో పశుపోషణ మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది, గేదెని గదిలో పెట్టి ఊపిరి కొలిచే ఏర్పాట్లున్నాయి. గేదె మెడకి చిన్న డబ్బా కట్టి, మేస్తూ తిరిగేటప్పుడే తేన్పు పట్టే పద్ధతి 1990ల నుంచీ ఉంది. వరిగడ్డి తినే ఉత్తరాంధ్ర గేదె వేరు, పచ్చిమేత తినే కృష్ణా డెల్టా ముర్రా గేదె వేరు. రెండింటికీ ఒకే అంకె వెయ్యడం అన్యాయం.

రెండు, ఉన్న డేటాని కలపాలి. మన పశువుల చెవులకి పన్నెండంకెల పసుపు ట్యాగులు వేస్తున్నారు, పశు ఆధార్ అంటారు. ఈనిన తేదీ, టీకాలు ఒక డేటాబేస్‌లో, పాలు ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అనేది పాల కేంద్రం కంప్యూటర్లో, గణన ఇంకో యాప్‌లో ఉంటున్నాయి. మేత సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఈ ముక్కల్ని ఒక్కచోట చేర్చడం మనకి చేతకాని పనా? రైతు పేరు బయటపడకుండా, ఊరి స్థాయిలో కలిపి, అందరికీ అందుబాటులో పెడితే ప్రపంచంలో ఏ దేశానికీ లేని పటం మనకుంటుంది. ఆ పటం నేను రైతుని పట్టుకోడానికి అడగడం లేదు, ఏ ఊళ్ళో మేత బాలేదో తెలుసుకోడానికి అడుగుతున్నాను.

ఎందుకంటే, మూడు, తేన్పులో పోయేది రైతు సొమ్మే. పశువు తిన్న శక్తిలో సుమారు ఆరు శాతం మీథేన్‌గా గాలిలో కలిసిపోతుంది. మేత సమతూకంగా పెడితే అదే శక్తి పాలలోకి వస్తుంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఊళ్ళల్లో దాణా సమతూకం కార్యక్రమం నడిపి, లీటరు పాలకి మీథేన్ పది నుంచి పదిహేను శాతం దాకా తగ్గడం చూసింది. పైన చెప్పిన బెంగుళూరు సంస్థే చెట్ల నుంచి తీసిన టానిన్లతో హరిత్ ధార అనే దాణా తయారుచేసింది. దానితో 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ళ లెక్క. పాలు మానెయ్యడం కంటే ఇది వందరెట్లు నయం. ముందు మేత, వైద్యం, మంచి దూడ. వాతావరణం లాభం వెనకే వస్తుంది.

మా పిన్నికి మీథేన్ అక్కర్లేదు. మేత బాగుంటే వెన్న శాతం పెరుగుతుందా, ఎండాకాలం పచ్చగడ్డి దొరుకుతుందా, చుట్టూ లేఅవుట్లు వచ్చేశాక గేదెని ఎక్కడికి తోలాలి అన్నవే ఆవిడ ప్రశ్నలు. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పగలిగే పటం గీస్తే అది ప్రపంచానికి కూడా పనికొస్తుంది. వాటిని వదిలేసి గీసిన పటం ఎంత ఎర్రగా ఉన్నా గోడకి వేలాడదీసుకోడానికే.

కాబట్టి ఈసారి మీకు అలాంటి రంగుల పటం మెయిల్లో వస్తే, ఫార్వర్డ్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి: పశువుకి ఏ అంకె వేశారు? దేంతో భాగించారు? ఎవరు కొలిచారు? జవాబు లేకపోతే ఆ మెయిల్ పంపినాయన్నే అడగండి, నా పేరు చెప్పకండి చాలు :)

మీలో ఎవరైనా ఉపగ్రహ డేటాతోనో, పాల కేంద్రాల సాఫ్ట్‌వేర్‌తోనో పనిచేస్తుంటే ఒక మాట చెప్పండి. శనాదివారాలు నావి, సర్వర్ ఖర్చు కూడా నాదే. ఒక్క మండలంతో మొదలుపెడదాం. ఏ మండలమో వేరే చెప్పాలా?